ఎడమవైపు ఖాళీ లేదు

ఫార్మింగ్టన్ హిల్స్‌లో పన్నెండేళ్ళ లోపు ఆడపిల్లల సాకర్ టీమ్ ఒకటుంది. ఫుట్‌బాల్ అనకూడదు. అక్కడ ఫుట్‌బాల్ అంటే కోలబంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. కాలితో ఆడేదాన్ని సాకర్ అంటారు. వాళ్ళ దేశం, వాళ్ళ ఇష్టం. ఆ టీమ్‌లో ముప్పాతిక మంది తెలుగు పిల్లలే. కార్ల కంపెనీల్లో పనిచేసే అమ్మానాన్నలు శనివారం పొద్దున్నే మడత కుర్చీలు వేసుకుని గీత పక్కన కూర్చుంటారు. ఆట తెలిసినవాళ్ళు కొంచెం అరుస్తారు, తెలియనివాళ్ళు ఇంకా గట్టిగా అరుస్తారు.

ఆ పిల్లలకు చాలాకాలం విశ్వనాథం కోచ్‌గా ఉన్నాడు. ఆయన కోచ్ అయిన తీరు చెబితే నవ్వొస్తుంది. కూతురిని మొదటి ప్రాక్టీసుకు దింపడానికి వెళ్ళాడు. కోచింగ్‌కి ఎవరైనా ముందుకొస్తారా అని క్లబ్‌వాళ్ళు అడిగితే, తక్కిన తండ్రులందరూ ఫోన్లలోకి తల దూర్చారు. ఈయన ఫోన్ కారులో మరిచిపోయాడు. అంతే, మెడలో విజిల్ పడింది. కూతురు పెద్దదై, ఆట మానేసి, ఉద్యోగంలో చేరినా ఆ విజిల్ మాత్రం దిగలేదు.

అదితి సంగతి వేరు. ఆమె అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. హైస్కూల్ టీమ్‌లో ఆడుతుండగా మోకాలి లిగమెంట్ తెగి ఆట ఆగిపోయింది. కారు సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా చేరింది కానీ మనసంతా గ్రౌండ్‌లోనే. కోచింగ్‌లో మొదటి కోర్సు పూర్తిచేసి, విశ్వనాథం దగ్గర అసిస్టెంటుగా చేరి, కోన్లు మోసింది, బంతులకు గాలి కొట్టింది. పై లైసెన్సు తీసుకోవాలి, ఎప్పటికైనా ఒక కాలేజీ టీమ్‌ని నడపాలి అన్నది ఆమె కోరిక. ఆ కోర్సుకు క్లబ్ డైరెక్టర్ సిఫారసు చేయాలి. ఆయన సిఫారసు చేయాలంటే టీమ్ గెలవాలి. ఆ ఆగస్టులో విశ్వనాథం కూతురి దగ్గర ఉందామని వేరే రాష్ట్రంలో ఉన్న ఫ్రిస్కో వెళ్తూ టీమ్‌ని అదితి చేతుల్లో పెట్టాడు.

వెళ్ళేముందు అన్నీ చెప్పాడు. ఎవరికి ఆస్తమా, ఎవరి నాన్నకు నోరెక్కువ, ఎవరు ఎండలో త్వరగా అలసిపోతారు, అన్నీ. ఒక్కటి మాత్రం చెప్పలేదు, అది చెప్పాల్సిన విషయమని ఆయనకే తోచలేదు. సబ్‌స్టిట్యూషన్ చేసినప్పుడల్లా లోపలికి వెళ్ళే పిల్ల వీపు మీద చెయ్యివేసి "వెళ్ళిరా అమ్మా" అనేవాడు. గీత దగ్గర ఇద్దరు పిల్లలూ అరచేతులు తట్టుకునేవారు. బయటికొచ్చిన పిల్లతో "వచ్చావా తల్లీ" అనేవాడు. అదితి దీన్ని అంకుల్ చాదస్తం అనుకుంది. అరచేతులు తట్టుకోవడం ఉంచి మాటలు తీసేసింది. ఆమె ఉత్త "గో, గో" అనేది.

మనిళ్ళలో గడప దాటేవాళ్ళు 'వెళ్తాను' అనరు, 'వెళ్ళొస్తాను' అంటారు. ఎందుకలా అని అడిగితే చెప్పలేరు, కానీ మరోలా అంటే ఊరుకోరు. ఇంగ్లీషు 'గో'కి ఈ పట్టింపులేవీ లేవు. కాబట్టి సెప్టెంబరంతా టీమ్‌కి ఏ కీడూ జరగలేదు, వరసగా ఓడిపోవడం తప్ప.

అక్టోబరు మొదటి శనివారం ఆట సగం దాటాక ఆకాశం నల్లబడింది. వసుమతి కుర్చీలోంచి లేచి అదితి దగ్గరికొచ్చింది. ఆమె కూతురు వేద టీమ్‌లో అందరికంటే చిన్నగా ఉంటుంది, ఎక్కువసేపు బెంచి మీదే ఉంటుంది.

"ఏమ్మా అదితీ, బెంచి మీద కూర్చోబెట్టడానికా దాన్ని పొద్దున్నే లేపి తీసుకొచ్చేది? కాసేపు ఆడించవచ్చు కదా" అంది, పక్క కుర్చీలవాళ్ళకి కూడా వినపడేలా.

అదితికి ఒళ్ళు మండింది. కానీ ఏ కోచ్ అయినా తల్లిదండ్రుల నోటికి జడవాల్సిందే. ఎడమవైపు గోల్‌ని కాసే లెఫ్ట్ బ్యాక్ చోట్లో ఆడుతున్న హాసినిని బయటికి పిలిచి, వేదను లెమ్మంది.

"కోచ్, నాకు వద్దు. వాళ్ళు చాలా బిగ్‌గా ఉన్నారు" అంది వేద. పిల్ల నిజంగానే వణుకుతోంది.

అదితికి జాలేసింది. తెలుగులో చెబితే ధైర్యం వస్తుందేమో అనిపించింది. విశ్వనాథం చేసినట్టే వీపు మీద చెయ్యివేసి, ఆయన మాట గుర్తు తెచ్చుకోబోయి, చాలా ముద్దుగా అంది. "ఏం కాదు. వెళ్ళిపో."

ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడుకునే పిల్ల. 'రా'కీ 'పో'కీ మధ్య ఎంత దూరముందో ఆమెకెలా తెలుస్తుంది? ఆ మాట మనవాళ్ళు కోపమొస్తే అంటారు, లేకపోతే మనిషి ఇక లేడని చెప్పేటప్పుడు అంటారు. వేద ఒకసారి వెనక్కి తిరిగి ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత హాసిని అరచెయ్యి తట్టి లోపలికి వెళ్ళింది.

కాసేపటికే మెరుపు మెరిసింది. రిఫరీ పొడుగ్గా విజిల్ ఊది అందర్నీ కార్లలోకి పొమ్మన్నాడు. పిల్లలు కేకలు పెడుతూ పరిగెత్తారు. వసుమతి వేద చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. వాన తగ్గలేదు, ఆట మళ్ళీ మొదలవలేదు. ఆ గందరగోళంలో వేద చేతిని తట్టి బయటికి పిలిచినవాళ్ళు ఎవరూ లేరు.

బుధవారం ప్రాక్టీసులో అదితి హాసినిని లెఫ్ట్ బ్యాక్‌లో నిలబడమంది. హాసిని అక్కడిదాకా వెళ్ళి పక్కకు జరిగి నిలబడింది.

"అక్కడ కాదు, ఇంకా లెఫ్ట్‌కి. నీ ప్లేస్ మర్చిపోయావా?"

"కోచ్, అక్కడ వేద ఉంది కదా."

వేద అదితి పక్కనే బెంచి మీద కూర్చుని ఉంది, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. అదితి నవ్వేసింది. హాసిని నవ్వలేదు. బెంచి వైపు చూసింది, మళ్ళీ తన పక్కనున్న ఖాళీ వైపు చూసింది. ఆ ఖాళీలోకి మాత్రం అడుగు పెట్టలేదు.

విసుగొచ్చి అదితే అక్కడికి నడిచింది. నేల తడిగా ఉంది. గడ్డిలో బూటు మేకుల గుర్తులున్నాయి, చిన్న పిల్ల పాదమంత. అందులో వింతేముంది, అది ఆటస్థలం. కానీ ఆమె చూస్తుండగానే ఆ గుర్తుల పక్కన మరో జత గుర్తులు దిగాయి. బంతి కోసం కాచుకున్న మనిషి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మార్చుకున్నట్టు. అదితి ఎందుకో తెలియకుండానే "సారీ" అని గొణిగి వెనక్కి తగ్గింది.

ప్రాక్టీస్ అయ్యాక పిల్లలందరూ వెళ్ళిపోతున్నా వేద బెంచి మీంచి లేవలేదు.

"వేదా, అయిపోయింది. మీ మామ్ వచ్చింది."

"ఎవరు వస్తున్నారు, కోచ్?"

"ఎక్కడికి?"

"నా ప్లేస్‌లోకి."

హాసిని వెనక్కి వచ్చి, వేద అరచెయ్యి తట్టి, బెంచి మీద ఆమె చోట్లో కూర్చుంది. అప్పుడు వేద లేచి తల్లి కారు వైపు నడిచింది. హాసిని అదితి కళ్ళలోకి చూడకుండా "స్కూల్లో కూడా అంతే, కోచ్" అని చెప్పింది.

శనివారం మ్యాచ్‌లో ఎడమవైపు ఆడడానికి ఏ పిల్లా ఒప్పుకోలేదు. అదితి బతిమాలింది, కసిరింది, లాభం లేకపోయింది. చివరికి ఒకరు తక్కువగానే టీమ్‌ని దింపింది. రిఫరీ వేలు చూపిస్తూ పిల్లల్ని లెక్కపెట్టి, సరిపోయారన్నట్టు తలూపాడు. వేద బెంచి మీద ఉంది.

ఆ రోజు ఎడమవైపు నుంచి బంతి ఒక్కసారి కూడా లోపలికి రాలేదు. అవతలి టీమ్‌లో చిరుతలాంటి పిల్ల ఒకతె బంతి తీసుకుని అటుగా దూసుకొచ్చింది. గోల్ దగ్గరికి రాకముందే బంతి ఆమె కాళ్ళ దగ్గర లేదు. ఆ పిల్ల తన కాళ్ళ వైపు, చుట్టూ గాలి వైపు చూసుకుంది. తర్వాత ఏడుపు ముఖంతో వాళ్ళ కోచ్ దగ్గరికెళ్ళి, తనని అటు ఆడించవద్దని అడిగింది. అదితి టీమ్ గెలిచింది.

క్లబ్ డైరెక్టర్ వచ్చి చెయ్యి కలిపాడు. నీ డిఫెన్స్ ఇంత బాగుంటుందని అనుకోలేదు, ఆ లైసెన్సు కోర్సుకు సోమవారమే నీ పేరు పంపుతాను అన్నాడు. అదితి సంతోషంతో పొంగిపోయింది. ఎడమవైపు కాపలా కాసింది ఎవరో ఆమెకు తెలుసు. తెలిసీ పొంగిపోయింది. ఆ సంగతి తలచుకుంటే తర్వాత ఆమెకు తన మీద తనకే అసహ్యమేసింది.

కారు దగ్గర వసుమతి కాచుకుని ఉంది. క్రితం వారం అంత నోరు చేసిన మనిషి ఇప్పుడు వడిలిపోయి ఉంది.

"అదితీ, మా పిల్ల ఇంట్లో లేదమ్మా" అంది.

అదితి ఆమె కారు వైపు చూసింది. వెనక సీట్లో వేద కనిపిస్తూనే ఉంది.

"అది నాకూ కనపడుతోంది. అన్నం పెడితే తింటుంది. పిలిస్తే పలుకుతుంది. కానీ ఈ చివర నుంచి పిలిస్తే గ్రౌండ్ ఆ చివర నుంచి పలికినట్టుంటుంది. కుర్చీలోంచి లేవాలంటే నేను చెయ్యి తట్టి ఆ కుర్చీలో కూర్చోవాలి. డాక్టర్‌కి చూపించాం, యాంగ్జయిటీ అన్నారు. యాంగ్జయిటీ అయితే ఏడుస్తుంది కదా? ఇది ఏడవదు. దెబ్బ తగిలినా ఏడవట్లేదు." వసుమతి అదితి చెయ్యి పట్టుకుంది. "ఆడించమని నేనే కదా నీ మీద పడ్డాను. ఏం చేశారే నా పిల్లని?"

అదితి ఇంటికి కూడా వెళ్ళకుండా అక్కడినుంచే విశ్వనాథానికి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది. ఆయన నవ్వుతాడేమో అనుకుంది. నవ్వలేదు.

"లోపలికి పంపుతూ ఏమన్నావు? ఏ మాటన్నావో అదే చెప్పు."

"మీరు అనేదే అంకుల్. వెళ్ళిపో అన్నాను."

"నేననేది వెళ్ళిరా కదా" అన్నాడు ఆయన.

"అంకుల్, ఈజ్ ఇట్ బ్యాడ్? రెండూ సేమ్ కాదా?"

"కాదమ్మా" అన్నాడు ఆయన మెల్లగా. "నాకు మంత్రాలూ తంత్రాలూ తెలీవు. బ్రేకులు డిజైన్ చేసి రిటైర్ అయినవాణ్ణి. మా అమ్మ నాతో అనేది, నేను పిల్లలతో అన్నాను, అంతే. కానీ ఒకటి మాత్రం అనిపిస్తోంది. పంపిన నోరే పిలవాలి. నేను పిలిస్తే రాదు, వాళ్ళమ్మ పిలిచినా రాదు."

"ఓకే, నేను పిలుస్తాను."

"ఊరికే పిలిస్తే ఎలా వస్తుందీ? అది ఆటలో ఉంది. తన చోట్లోకి ఇంకొకరు రాకుండా బయటికి రాకూడదని మనమే కదా నేర్పాం? ఒకరు లోపలికి వెళ్ళాలి. పిల్లల్ని పంపకు. నేను వచ్చే వారం టికెట్ బుక్ చేసుకుంటాను, నేను వెళ్తాను. ఎవరు వెళ్ళినా సరే, వెళ్ళిరా అనిపించుకుని మరీ వెళ్ళాలి. అర్థమైందా?"

వచ్చే వారం దాకానా? అదితి ఆలోచించింది. కోచ్ బుర్ర కదా, వద్దన్నా పేర్లు వెతికింది. హాసిని వేగం, హాసిని ధైర్యం. అడిగితే కాదనదు. ఆ పేరు తన తలలోకి అంత తేలిగ్గా వచ్చేసింది. ఎవరిని దింపాలి అని ఇన్నేళ్ళు ఇష్టంగా నేర్చుకున్న విద్య ఇదా అనిపించింది. వసుమతికి ఫోన్ చేసి, ఆదివారం మధ్యాహ్నం వేదను గ్రౌండ్‌కి తీసుకురమ్మంది.

ఆదివారం మబ్బుగా ఉంది. ఊళ్ళో జనమంతా టీవీల్లో వాళ్ళ ఫుట్‌బాల్ చూసుకుంటున్నారు. గ్రౌండ్ నిండా బాతులు దిగి గడ్డి మేస్తున్నాయి, ఎడమవైపు ఆ మూల తప్ప. పార్కింగ్‌లోనే అదితి వసుమతికి అంతా వివరించి చెప్పింది.

"ఆంటీ, నేను లోపలికి వెళ్ళే ముందు మీరు వెళ్ళిరా అనాలి. అది మాత్రం మర్చిపోవద్దు. ప్లీజ్."

"అంటానమ్మా. నూరుసార్లు అంటాను. నా పిల్లని నాకిప్పించు చాలు."

ముగ్గురూ గ్రౌండ్ బయట, పిల్లల్ని మార్చే మధ్యగీత దగ్గరికి వెళ్ళారు. వేద తల్లి చెయ్యి పట్టుకుని, ఎక్కడికని అడగకుండా నిలబడింది. అదితి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"వేదా! సబ్! వచ్చెయ్!"

బాతులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఆ రెక్కల చప్పుడు తగ్గాక ఏమీ లేదు. ఆమె మళ్ళీ పిలిచింది. పక్కనున్న వేద పలకలేదు. దూరంగా, ఎడమవైపు మూల నుంచి, పల్చటి గొంతు వినిపించింది. "నేనా, కోచ్?"

"అవును, నువ్వే. రా!"

తడి గడ్డి ఆ మూల నుంచి వరసగా అణగడం మొదలైంది. అలసిపోయినా కోచ్ చూస్తోందని పరిగెత్తే పిల్ల అడుగుల్లాగే ఉన్నాయవి. అదితి గీత మీద నిలబడి అరచెయ్యి చాపింది. పారిపోవాలనిపించింది, కాళ్ళు బిగించి నిలబడింది. చల్లటి, చెమటపట్టిన చిన్న అరచెయ్యి ఒకటి ఆమె చేతిని చటుక్కున తట్టి దాటిపోయింది.

పక్కనున్న వేద నీళ్ళలోంచి పైకి తేలినట్టు ఒక్కసారి ఊపిరి లాగింది. "మమ్మీ, చలి!" అని భోరున ఏడ్చింది. వసుమతి మోకాళ్ళ మీద కూలబడి, పిల్లను గుండెకు హత్తుకుని, దాని జుట్టులో ముఖం దాచుకుంది.

"ఆంటీ" అంది అదితి, ఒక కాలు గీత దగ్గర పెట్టి. "ఆంటీ, ఆ మాట."

వసుమతికి వినపడలేదు. వారం రోజుల ఏడుపు ఒకేసారి ఏడుస్తోంది. ఆమె భుజం మీంచి వేద కళ్ళు మెల్లగా ఎడమవైపు మూలకు తిరిగాయి. అక్కడ ఎవరూ లేరు. పిల్ల ఏడుపు ఆగిపోయింది. తల్లి కౌగిలిలోనే భుజాలు అటు వాలాయి. ఖాళీ కనిపిస్తే ఎవరో చెప్పేదాకా ఆగకండి, మీరే వెళ్ళి నింపండి అని అదితే ప్రతి బుధవారం చెప్పేది. పిల్ల పాఠం బాగా నేర్చుకుంది.

"ఆంటీ!"

ఇంకొక్క క్షణం ఆగితే పిల్ల మళ్ళీ వెళ్ళిపోతుంది. అదితికి చాలా భయమేసింది. సోమవారం డైరెక్టర్ పంపబోయే పేరు గుర్తొచ్చింది. ఆగలేదు. గీత దాటి పరిగెత్తింది.

ఎడమవైపు మూలకు చేరి వెనక్కి తిరిగింది. అంత పరిగెత్తినా మోకాలు నొప్పి లేదు, ఆయాసం లేదు. మధ్యగీత దగ్గర నీలం జాకెట్ వేసుకున్న మనిషి ఒకతె చెయ్యి చాపి నిలబడి ఉంది. ఎవరా అని చూసింది. తనే.

వేద వెక్కివెక్కి ఏడుస్తోంది, ఈసారి ఆగకుండా, మామూలు పిల్లల్లా. వసుమతి లేచి, చాపిన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది. "నీ మేలు మర్చిపోనమ్మా. నా బంగారు తల్లివి. పద, చలిగా ఉంది, ఇంటికి వెళ్దాం." నీలం జాకెట్ తలూపి, ఆమె వెనక బుద్ధిగా నడిచింది.

"ఆంటీ, నేనిక్కడున్నాను! పిలవండి! పేరు పెట్టి పిలవండి!" అని అదితి అరిచింది. వసుమతి తల తిప్పలేదు. తిప్పినా లాభం లేదని అరుస్తుండగానే ఆమెకు అర్థమైంది. పంపిన నోరే పిలవాలి. తనని వసుమతి పంపలేదు, విశ్వనాథం పంపలేదు. తనే వచ్చింది. పంపిన నోరు తనదే. ఆ నోరు ఇప్పుడు తన కారెక్కి సీటు బెల్టు పెట్టుకుంటోంది.

అదితి ఊపిరంతా కూడగట్టి, తన పేరు తనే పిలిచింది. "అదితీ! వచ్చెయ్!"

కదలబోయిన కారు ఆగింది. అద్దం కిందికి దిగింది. లోపలున్న అదితి ఎడమవైపు మూలకేసి కాసేపు చూసింది, ఎవరో పిలిచినట్టుందే అనుకుంటున్న మనిషిలా. తర్వాత అద్దం పైకెత్తి వెళ్ళిపోయింది.